లాకు గోడ మీద చేయి

మా స్టాఫ్‌రూములో దయ్యాల కబుర్లు మొదలైతే అందరూ ముందు నా వైపు చూస్తారు, నేనేం వెటకారం చేస్తానో అని. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళ పైనుంచి చరిత్ర చెబుతున్నాను. పటమటలో మేం ఉంటున్న ఇంట్లో మాకు ముందున్నాయన హఠాత్తుగా పోయాడని ఎవరూ అద్దెకు దిగకపోతే, గాలీ వెలుతురూ బాగున్నాయని నేనే పట్టుబట్టి దిగాను. పదకొండేళ్ళయింది. ఆయనెవరో గానీ ఇంతవరకూ ఒక్కసారి కూడా మమ్మల్ని పలకరించలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఈవిడ మొదట్నుంచీ ఇలాంటివి నమ్మే మనిషేలే అని ఎవరూ అనుకోకూడదని. నమ్మను. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే. తేలినవి తేలినట్టు, తేలనివి తేలనట్టు.

నా పిహెచ్‌డీ అంశం చెబితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. తొలినాటి ప్రకృతి దృశ్యాల ఫోటోల్లో పాత గోడలకు ఉన్న అర్థం ఏమిటి అన్నది అంశం. "గోడల మీద కూడా పిహెచ్‌డీ ఇస్తారా? ఇంట్లో సున్నం వేయించాలంటే మాత్రం నీకు తీరిక ఉండదు" అంటారు. ఆయన అనడం, నేను చెవిన పెట్టకపోవడం అలవాటైపోయింది.

నిజానికి అందులో బోలెడంత విషయం ఉంది. ఆ రోజుల్లో కెమెరా ముందు దేన్నయినా సెకన్ల తరబడి కదలకుండా ఉంచాలి. నది తీస్తే నీళ్ళు పొగమంచులా వస్తాయి. చెట్టు తీస్తే ఆకులు అలుక్కుపోతాయి. దారిన పోయే మనిషయితే అసలు పడనే పడడు. కదలకుండా, తీసినంతసేపూ ఓపిగ్గా నిలబడేది గోడ ఒక్కటే. అందుకే అప్పటి ఫోటోగ్రాఫర్లకు గోడంటే అంత ఇష్టం.

ఇష్టంతో పాటు ఒక ఉద్దేశం కూడా ఉండేదని నా వాదన. కొండపల్లి కోట తీసినప్పుడు బాగున్న గోడ వదిలేసి, పగుళ్ళలోంచి రావి మొక్కలు మొలిచిన గోడ, కూలిన బురుజు చూసుకుని తీసేవాళ్ళు. ఈ రాజుల కాలం అయిపోయింది అని చెప్పడమన్నమాట. నీళ్ళు ఆపి వదలడానికి కాలవల మీద కట్టిన లాకులు తీసినప్పుడు మాత్రం కొత్తగా, నున్నగా, ఎత్తుగా ఉన్న గోడను ఫోటో నిండా పెట్టేవాళ్ళు. ఇక మా కాలం అని. రెండూ గోడలే. ఒకటి పోయినవాళ్ళ గుర్తు, ఇంకొకటి వచ్చినవాళ్ళ గుర్తు. నా మూడో అధ్యాయం అంతా దీని మీదే.

ఆ అధ్యాయానికి ఆధారం ఒక ఆల్బమ్. పటమటలోనే ఒక పెద్దావిడ దగ్గర ఉంది. ఆవిడ మామగారి తండ్రి కాలవల ఆఫీసులో డ్రాయింగులు గీసేవారట. ఆ ఆల్బమ్ ఆయన పెట్టెలో దొరికింది. పదకొండు ఫోటోలు. "ఇక్కడే కూర్చుని ఎన్ని రోజులైనా తీసుకోమ్మా, గుమ్మం మాత్రం దాటించను" అన్నారావిడ. స్కానర్ ఆటోలో వేసుకుని వెళ్ళి, ఆవిడ డైనింగ్ టేబుల్ మీదే మూడు రోజులు కూర్చుని స్కాన్ చేసుకున్నాను. ఈ విషయం గుర్తు పెట్టుకోండి. అసలు ఫోటో ఎప్పుడూ ఆవిడ గుమ్మం దాటి బయటికి రాలేదు.

అందులో ఏడో ఫోటో ఒక లాకు గోడ. ఏ ఊరి లాకో రాసి లేదు. ఎడమ పక్కన చెక్క తలుపులు, ముందు పొగలాంటి నీళ్ళు, మిగతాదంతా గోడే. గోడ పక్కన ఓరగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, తలపాగా. గోడ ఎంత ఎత్తో తెలియడానికి అప్పట్లో అలా ఒక మనిషిని నిలబెట్టడం మామూలే. కాకపోతే ఇతను చేయి తల పైకి ఎత్తి గోడకు ఆనించాడు. చేతి వెనక భాగం గోడకు తగిలి ఉంది. అరచేయి మన వైపు ఉంది. మొహం సరిగ్గా పడలేదు గానీ, కదలకుండా ఉంచాడు కాబట్టి చేయి మాత్రం చాలా స్పష్టంగా పడింది. బొటనవేలు అతని తల వైపు ఉంది.

ఆ చేయి చూసి నేను పొంగిపోయాను. మన దేవుళ్ళ విగ్రహాల్లో అభయహస్తం ఉంటుంది కదా, అచ్చం అదే. కొత్త పాలకుల గోడ పక్కన మన మనిషిని నిలబెట్టి, ఈ గోడ ఉండగా మీకు భయం లేదు అని అతని చేతే చెప్పించారు అని ఒకటిన్నర పేజీ రాశాను. అరచేయి మన వైపు తిరిగి ఉందని, బొటనవేలు ఎటు ఉందో కూడా ఆ పేజీలో రాశాను. మా గైడ్ మేడం ఆ పేజీ పక్కనే ఫోటో పెట్టుకుని చదివి, అంచున పెన్సిలుతో రాశారు. "బావుంది. కానీ అరచేయి మన వైపే ఎందుకు? ఇంకా ఆలోచించు."

ఆలోచించే పని నాకు వేరేవాళ్ళు తగ్గించారు.

మా చెల్లెలు సునీత వాళ్ళది బుడమేరు వాగుకు దగ్గర్లో లేచిన ఒక కాలనీ. కింద సొంతిల్లు, పైన ఒకే ఒక్క గది. అందులో పాత సామాన్లు. పైకి వెళ్ళే మెట్లు ఇంటి బయటి నుంచే. మా మరిది రమేష్‌కు కొండపల్లి పక్కన థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీలు. ఇంట్లో ఉండే మూడో మనిషి సునీత మామగారు సాంబశివరావు గారు. నేనూ మావయ్యగారనే పిలుస్తాను. ఆయన కాలవల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. గట్ల వెంట తిరుగుతూ, లాకుల తలుపులు ఎత్తడం దించడం, నీటిమట్టం చూసి పైవాళ్ళకు చెప్పడం ఆయన ఉద్యోగం. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాటకూ బుర్రకూ ఏమీ కాలేదు. ముందు గదిలో వీధి కిటికీ పక్కన మంచం వేయించుకుని, ఆ వీధి మొత్తాన్నీ అక్కణ్ణుంచే అజమాయిషీ చేసేవారు. మంచం ఒక్క అడుగు జరిపినా ఒప్పుకునేవారు కాదు.

వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం సునీతను చూడ్డానికి వెళ్ళాను. దానికి నడుంలో డిస్కు జారి రెండు నెలలుగా బెల్టు పెట్టుకుని తిరుగుతోంది. అది వంటింట్లో ఉంటే నేను ముందు గదిలో లాప్‌టాప్ తీసి అధ్యాయం దిద్దుకుంటున్నాను.

"ఏందమ్మాయ్ ఆ గోడ?" అన్నారు మావయ్యగారు.

ఆయన కాలవల మనిషి కదా, ముచ్చట పడతారని లాప్‌టాప్ మంచం మీద పెట్టి చూపించాను. క్లాసులో చెప్పినట్టే గోడ అర్థం, అభయహస్తం, అన్నీ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. పెద్దది చేయమన్నారు. చేశాను. చాలాసేపు చూశారు.

"అది అభయహస్తం కాదమ్మా. ఈయన లస్కరు" అన్నారు.

ఎలా చెబుతున్నారని అడిగాను.

"చెయ్యి పెట్టిన తీరు చూడు. నీళ్ళొచ్చి పోయినాక, ఎందాకా వచ్చినయ్యో అవతలి గట్టు మీదోళ్ళకి చూపించాలంటే అరచెయ్యి గోడకి ఆనిస్తాం. ఇంకా రాకముందు, ఇందాకా వస్తన్నయ్యి జాగర్తని చెప్పాలంటే చెయ్యి ఎనక్కి తిప్పి, అరచెయ్యి వాళ్ళకి కనపడేట్టు పెడతాం. కేకలేస్తే ఆ నీళ్ళ హోరుకి వినపడవుగా. మా పెద్ద లస్కర్లు మాకు నేర్పిందే ఇది."

ఇంత తేలిగ్గా నా ఒకటిన్నర పేజీ ఎగిరిపోయినందుకు మొదట కాస్త మనసు చిన్నబోయింది. వెంటనే సంతోషమూ కలిగింది, ఇంత మంచి సమాచారం ఏ పుస్తకంలోనూ దొరకదు కాబట్టి. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే నోట్‌బుక్కులో రాసుకున్నాను. జాగ్రత్త అని చెబుతున్న చేయిని నేను భయం లేదు అంటున్న చేయిగా చదివానన్నమాట. మా మేడంకు చెబితే ఎంత నవ్వుతారో అనుకున్నాను.

"మీకు గోడంటే గుర్తులు, అర్థాలు. మాకు గోడంటే స్కేలు" అని నవ్వారు మావయ్యగారు. ఆ తర్వాత మళ్ళీ ఫోటో వైపు చూసి నవ్వు ఆపేశారు. "గోడ పొడిగా ఉంది. నీళ్ళ చార లేదు. అంటే ఇంకా రాలా."

"వచ్చేసి నూరేళ్ళు దాటి ఉంటుంది మావయ్యగారూ" అన్నాను.

ఆయన ఇంకా ఫోటోనే చూస్తున్నారు. "ఎవురికి చూపిస్తన్నాడో" అని మాత్రం అన్నారు. నేను లాప్‌టాప్ మూసేశాను.

రెండు రోజుల తర్వాత సునీత ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు, కోపం రెండూ ఉన్నాయి. మావయ్యగారు తన మంచం పై గదిలో వేయమని పట్టుబట్టారట. ఎందుకని అడిగితే చెప్పరట. అన్నం మానేసి కూర్చున్నారట. చివరికి రమేష్, పక్కింటివాళ్ళు ఇద్దరు కలిసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బయటి మెట్ల మీదుగా పైకి మోసుకెళ్ళారు. మంచం ఆ మెట్ల మలుపు తిరగక కిందే ఉండిపోతే, పైన పరుపు నేల మీదే వేశారు.

"కాఫీకి ఒకసారి, టిఫినుకి ఒకసారి, మందులకి, స్నానానికి, అన్నిటికీ పైకీ కిందకీ తిరగాలి. నా నడుం ఏం కావాలక్కా? నీ ఫోటోలు తగలెయ్య, నువ్వు ఆ గోడేదో చూపించిన దగ్గర్నుంచే ఈ చాదస్తం పట్టుకుంది" అంది.

రమేష్ కూడా ఫోన్ తీసుకుని, "మీరు చెబితే వింటాడేమో వదినా. మీరంటే గౌరవం నాన్నకి" అన్నాడు.

తప్పు నాదే అనిపించింది. గురువారం కాలేజీ అయ్యాక వెళ్ళాను. పై గదిలో పాత కూలర్, ఇనప్పెట్టె, పెళ్ళినాటి డేగిసాల మధ్య పరుపు మీద గోడకు చేరగిలి కూర్చుని ఉన్నారాయన. నేను వెళ్ళేటప్పటికి సునీత గ్లాసు తీసుకుని మెట్లు దిగుతోంది. ఒక్కో మెట్టుకూ ఆగి, గోడ పట్టుకుని దిగుతోంది.

అప్పుడు నేను ఒక అబద్ధం చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు సిగ్గుగా ఉన్నది ఇదొక్కటే కాబట్టి దాచకుండా రాస్తున్నాను. పాత ఫోటోల గురించి బాగా తెలిసిన ఒక పెద్దాయన్ను అడిగి కనుక్కున్నానని చెప్పాను. ఫోటో తీసేటప్పుడు మనిషి కదలకుండా ఉండాలి కాబట్టి, చేయి గోడకు ఆనించి పెట్టుకోమని ఫోటోగ్రాఫర్లే చెప్పేవాళ్ళని, అంతకు మించి ఆ చేతికి అర్థమేమీ లేదని ఆయన చెప్పారన్నాను. నేను ఎవర్నీ అడగలేదు. అలాంటి పెద్దాయన లేడు. వినడానికి నమ్మేటట్టు ఉంది కదా అని అప్పటికప్పుడు అల్లేశాను.

మావయ్యగారు నా మొహంలోకి చూశారు. "చదువుకున్నదానివి. నువ్వు కనుక్కున్నానంటే సరేనమ్మా" అన్నారు. "పిల్లకి నడుం నొప్పి ఎక్కువైందా?" అని అడిగారు.

"ఎక్కువే అయింది" అన్నాను.

"అయితే దించండి" అన్నారు.

శనివారం పొద్దున దించాలని అనుకున్నాం. ఆ రోజు రమేష్‌కు పగలు సెలవు, రాత్రికి మళ్ళీ డ్యూటీ. శుక్రవారం నుంచే వాన పట్టుకుంది. శనివారానికి అది వానలా లేదు, పైనుంచి ఎవరో గుమ్మరిస్తున్నట్టుంది. అయినా నేనూ మా ఆయనా వెళ్ళాం. అనుకున్న పని అయిపోవాలి నాకు. మేం వెళ్ళేసరికి మావయ్యగారు ఉతికిన చొక్కా వేయించుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తయారుగా ఉన్నారు.

మా ఆయన మెట్ల మీద రెండడుగులు వేసి ఆగిపోయారు. బయటి మెట్లు కదా, నాచు పట్టి నీళ్ళు కారుతున్నాయి. "దీని మీద కుర్చీ మోస్తే ముగ్గురం పడతాం. వాన తగ్గాక రేపో ఎల్లుండో చూద్దాం" అన్నారు.

గొడుగు పట్టుకుంటాను, గోనె పట్టాలు పరుస్తాను, దించేద్దాం అని నేను పట్టుబట్టాను. సునీత మొహం చూస్తే నాకు ఆగబుద్ధి కాలేదు. రమేష్ అటూ ఇటూ చూశాడు. చివరికి మా ఆయన మాటే నెగ్గింది. మావయ్యగారు ఇటు వద్దనీ అనలేదు, అటు దించమనీ అనలేదు. మళ్ళీ పరుపు మీద కూర్చోబెట్టాం. మేం పటమట వచ్చేశాం. రమేష్ సాయంత్రం డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున ఏం జరిగిందో విజయవాడలో ఎవర్నడిగినా చెబుతారు. బుడమేరు పొంగింది. సునీత ఫోన్ వచ్చేసరికి నేను దోసెలు పోస్తున్నాను. "వీధిలోకి నీళ్ళొచ్చాయక్కా" అంది. అప్పటికింకా మామూలుగానే ఉంది గొంతు. పావుగంటకు మళ్ళీ చేసింది. నీళ్ళు గడప దాటాయి. బియ్యం డబ్బా, చిన్న గ్యాస్ స్టవ్, మావయ్యగారి మందులు పైకి చేరేసింది. ఇంకొక్కసారి దిగితే నీళ్ళు నడుం దాకా వచ్చాయట. మంచినీళ్ళ టిన్ను ఒకటి తేలుతుంటే పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ పలకలేదు.

రమేష్ కొండపల్లి నుంచి రాలేకపోయాడు. దార్లన్నీ నీళ్ళే. మేం వెళ్దామంటే వంతెన దగ్గరే ఆపేశారు. మావయ్యగారు పై గదిలో ఉన్నారు, పై గదిలో ఉన్నారు అని ఆ రెండు రోజులూ నాకు నేనే చెప్పుకుంటూ గడిపాను. మూడో రోజు పడవ మీద వాళ్ళిద్దర్నీ తీసుకొచ్చారు. సునీత నన్ను చూసి ఏడ్చింది. మావయ్యగారు చలికి వణుకుతున్నా బాగానే ఉన్నారు. నెలన్నర మా ఇంట్లోనే ఉన్నారు.

నీళ్ళు తీసిన తర్వాత ఇల్లు కడగడానికి వెళ్ళాం. కిటికీ పక్క మంచం తేలుకుంటూ వెళ్ళి, వంటింటి గుమ్మంలో పైకి లేచి ఇరుక్కుని ఉంది. గోడ మీద బురద చార ద్వారబంధం పై అంచుకు జానెడు కింద ఉంది. రమేష్ ఆ చార దగ్గర నిలబడి, తల పైకి చేయి ఎత్తి, అరచేయి గోడకు ఆనించి, "ఇక్కడిదాకా వదినా" అన్నాడు. ఆ ఇంట్లో అరగంటలో నీళ్ళు అంత ఎత్తు లేచాయి. నడుంకు బెల్టు పెట్టుకున్న మనిషి ఒక్కతే ఉంది. ఆయన్ను కుర్చీలో మోయడానికే ముగ్గురు కావాలి. శనివారం నా మాట సాగి ఉంటే ఏమయ్యేదో ఆ గుమ్మంలో నిలబడితే తెలిసింది. బయటికొచ్చి కూర్చున్నాను.

ఇంతవరకూ జరిగినదాంట్లో వింతేమీ లేదనే నేనూ అంటాను. వానాకాలం, బుడమేరు పక్క ఇల్లు, నీళ్ళతో బతుకంతా గడిపిన మనిషి. ఆకాశం చూసి ఆయనకు అనుమానం వచ్చి ఉంటుంది. ఫోటో ఒక సాకు. అలాగే అనుకున్నాను, ఇంకో పది రోజుల పాటు.

పది రోజుల తర్వాత అధ్యాయం దిద్దుదామని లాప్‌టాప్ తెరిచాను. ఏడో ఫోటో తీశాను. లాకు గోడ పక్కన ఆ మనిషి అలాగే ఓరగా, చేయి తల పైకి ఎత్తి నిలబడి ఉన్నాడు. కాకపోతే అరచేయి గోడకు ఆనించి ఉంది. మన వైపు కనిపిస్తున్నది చేతి వెనక భాగం. బొటనవేలు తలకు అవతలి వైపు ఉంది.

ముందు నా కళ్ళను అనుమానించాను. తర్వాత ఫైలును అనుమానించాను. పెన్‌డ్రైవులో ఇంకో కాపీ ఉంది, అందులోనూ అంతే. స్కానర్ తిరగేసిందేమో అనుకున్నాను. తిరగేస్తే లాకు తలుపులు కుడి పక్కకు రావాలి. ఎడమ పక్కనే ఉన్నాయి.

మా గైడ్ మేడం ఇంటికి వెళ్ళాను. ఆవిడ దగ్గర ఉన్నది నేను వరదకు ముందు, నెల కిందట ఇచ్చిన కాగితాల కట్ట. నేనేమీ చెప్పకుండా ఆ పేజీ తీయమన్నాను. పక్కనున్న ఫోటో ప్రింటులో కనిపించింది చేతి వెనక భాగమే. అంచున ఆవిడ పెన్సిలు రాత అలాగే ఉంది, అరచేయి మన వైపే ఎందుకు అని.

మేడం కళ్ళజోడు మార్చుకుని మరీ చూశారు. "రాత నాదే. నేను చూడకుండా రాయను" అన్నారు. నేను వచ్చేసేటప్పుడు, "ఆ భాగం తీసెయ్యమ్మా. వైవాలో ఎవరన్నా అడిగితే ఇద్దరం ఇబ్బంది పడతాం" అన్నారు.

ఆఖరికి ఆల్బమ్ ఉన్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. బీరువా తీసి ఇచ్చారు. అసలు ఫోటోలోనూ అరచేయి గోడకే ఉంది. గోడ మీద, సరిగ్గా ఆ చేతి ఎత్తున, సన్నగా ఒక నల్లటి చార ఉంది. అది ముందు లేదని మాత్రం నేను ప్రమాణం చేయలేను. మావయ్యగారు లేదన్నారు. నేను చేయి చూసినంత శ్రద్ధగా గోడ చూడలేదు. గోడల మీద పిహెచ్‌డీ చేస్తూ గోడ చూడలేదు. ఇదివరకు చేయి ఎలా ఉండేదో మీకు గుర్తుందా అని ఆవిడ్ని అడిగాను. "ఎవరమ్మా అంత పట్టి చూసింది. ఎవరో కూలీ మనిషి కదా అనుకున్నాను" అన్నారు.

మావయ్యగారికి చూపించాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. మూడో రోజు సాయంత్రం సునీత ఆస్పత్రికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. నేను నోరు తెరవలేదు.

ఒక్క చూపు చూశారు. "నీళ్ళు తీసినయ్ గదా. తిప్పాడు" అన్నారు. అదేదో రోజూ జరిగే పని అయినట్టు చెప్పి, కాఫీ ఉందా అని అడిగారు.

కాఫీ ఇచ్చాను. ఇచ్చి అక్కడే నిలబడ్డాను. నాకిక ఉండబట్టలేదు. "మావయ్యగారూ, ఆ రోజు నేను ఎవర్నీ అడగలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసమ్మా" అన్నారు.

"తెలిసి దించమని ఎందుకన్నారు?"

కుడి చేత్తో గ్లాసు పక్కన పెట్టారు. "పిల్ల గోడ పట్టుకుని మెట్లు ఎక్కతంటే చూళ్ళేకపోయా. ఇంకెన్ని రోజులకి వస్తయ్యో తెలవదు. అన్నాళ్ళు దాన్నట్టా తిప్పుకోమంటావా? నీళ్ళొస్తే అది మెట్లెక్కి పోద్ది. పోతే నేనొక్కణ్ణేగా."

ఆ ఫోటో సంగతి నాకు ఈ రోజుకీ తెలియదు. మా మేడం చెప్పినట్టు ఆ భాగం తీసేశాను. లస్కర్లు చేయి పెట్టే పద్ధతి గురించి మాత్రం, చెప్పినవారి పేరుతో సహా, ఒక పేజీ చేర్చాను. వైవాలో ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ, మేడమూ, మావయ్యగారూ ఒకే ఫోటోను ఒకేలా తప్పుగా చూశామని ఎవరన్నా అంటే వాదించడానికి నా దగ్గర ఒక పెన్సిలు రాత తప్ప ఇంకేమీ లేదు.

దాని గురించి నేనిప్పుడు అంతగా ఆలోచించడం లేదు. నాకు గుర్తొచ్చేది శనివారం పొద్దున. మేమెవరం నమ్మలేదు. నీళ్ళొస్తాయని నమ్మింది ఆయన ఒక్కరే. నమ్ముతూనే ఉతికిన చొక్కా వేయించుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు, కిందికి దించమని.